సొల్యూషన్ విరిగేదెప్పుడు?

ఆమధ్య ఒక సాహిత్య పాఠశాలలో గతితర్కం గురించి మాట్లాడుతూ, అలవాటు ప్రకారం నీళ్ళు మరిగి ఆవిరయ్యే ఉదాహరణ చెప్పాను. పరిమాణంలో మార్పు ఒక హద్దు దాటగానే గుణంలో మార్పుగా పరిణమిస్తుందని మనందరం చెప్పే మాటే. వెనక వరసలోంచి ఒక విద్యార్థిని లేచి, "మాస్టారూ, మా నాన్న చదువుకునే రోజుల్లోనూ ఇదే నీళ్ళ గిన్నె. ఇంకా మరుగుతూనే వుందా? మరో ఉదాహరణ లేదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు.

ఆ అమ్మాయి విసుగులో న్యాయం వుంది. నీళ్ళ గిన్నె ఉదాహరణ తప్పని కాదు, చాలదని. అందులో వున్నది ఒకే పదార్థం. వేడి ఒకటే మారుతుంది. పక్కవాడితో సంబంధం లేకుండా నీరు తనంతట తాను మారిపోతున్నట్టు కనిపిస్తుంది. కథలో పాత్రనీ, పాత్ర బతికే పరిసరాన్నీ కలిపి చూడాల్సిన విమర్శకుడికి ఇది కురచ గుడ్డ. మనిషిలో మార్పు లోపలినుంచి వస్తుందా, బయటినుంచా అని మన పత్రికల్లో ఎన్ని పేజీల వాదాలు నడిచాయో పాఠకులకి తెలుసు. ఆ వాదాల్లో రెండు పక్షాలవాళ్ళూ ఇదే గిన్నెలో గరిట పెట్టారు. రెండు భిన్నమైన పదార్థాలు కలిసి వుండి, ఏదో ఒక హద్దు దగ్గర విడిపోయే ఉదాహరణ కావాలి. ఆ హద్దు ఎక్కడ పడుతుందో ఇద్దరి నిర్మాణమూ కలిసి నిర్ణయించాలి.

అలాంటిది సైకిలు షాపులో వుంది. పంచరు వేసేవాడు ట్యూబుని గరుకు కాగితంతో రుద్ది, చిన్న గొట్టం పిండి పూస్తాడే, దాన్ని మనవాళ్ళు 'సొల్యూషన్' అంటారు. రసాయన శాస్త్రవేత్తా అదే అంటాడు. అది పెట్రోలియం జాతి ద్రావణిలో కరిగించిన రబ్బరు. రబ్బరు అంటే పాలిమర్, అంటే వేల చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నట్టు బిగిసిన పొడవాటి గొలుసు. ఆ సొల్యూషన్ కొంచెం ఒక గాజు గ్లాసులో తీసుకుని, ఇంకాస్త పెట్రోలు పోసి పల్చన చేసి, దాంట్లో స్పిరిటు చుక్కచుక్కగా వేయండి. (పొయ్యికీ బీడీకీ దూరంగా!) మొదట ఏమీ కాదు. ఇంకొన్ని చుక్కలకి గ్లాసు మసకబారుతుంది. ఆ తర్వాత పాలు విరిగినట్టు విరిగి, రబ్బరు ముద్దగా అడుక్కో పక్కకో చేరుతుంది. ఒకటిగా వున్న ద్రావణం రెండుగా చీలింది. పైది దాదాపు ఉత్త ద్రావణి, కిందిది రబ్బరు చిక్కగా వున్న ద్రావణం. దీన్ని శాస్త్రం ప్రావస్థల వేర్పాటు అంటుంది. నేను 'విరగడం' అనే రాస్తాను. మన వంటింటి మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

ఎందుకు విరుగుతుంది? దానికి ముందు, అసలు ఎందుకు కలుస్తుంది? రెండు ద్రవాలు కలవడానికి పెద్ద ప్రేరణ కలగాపులగమే. విడివిడిగా వుండటానికున్న తీరులకంటే కలిసిపోయి వుండటానికున్న తీరులు లెక్కలేనన్ని ఎక్కువ. అణువుల మధ్య కాస్త పొసగకపోయినా ఈ బలం వాటిని కలిపేస్తుంది. గొలుసు సంగతి వేరు. పదివేల పూసలు విడిగా వుంటే ఎక్కడికైనా పోగలవు. ఒకే దారానికి గుచ్చితే పక్క పూస వున్నచోటే వుండాలి. కలవడంవల్ల దొరికే స్వేచ్ఛ పాలిమర్‌కి చాలా తక్కువ. కాబట్టి చిన్న అణువులు సహించగల పొరపొచ్చాన్ని గొలుసు సహించలేదు.

ఈ సంగతిని లెక్కగా కట్టినవాళ్ళు అమెరికాలో ఇద్దరు, ఇంచుమించు ఒకే కాలంలో, 1941-42లో. మారిస్ హగ్గిన్స్ కోడాక్ కంపెనీలోనూ, పాల్ ఫ్లోరీ ఒక చమురు కంపెనీ ప్రయోగశాలలోనూ పనిచేసేవారు. ఒకరిది ఫిల్ము, ఒకరిది పెట్రోలు. సిద్ధాంతం ఎక్కడ పుట్టిందో గమనించండి. 1941 డిసెంబరులో యుద్ధం పసిఫిక్‌కి వ్యాపించి, ఆగ్నేయాసియా రబ్బరు తోటలు అమెరికాకి అందకుండా పోయాక కృత్రిమ రబ్బరు కోసం పరుగు మొదలైంది. పాలిమర్ల లెక్కలకి ఎన్నడూ లేని గిరాకీ వచ్చింది. ఫ్లోరీకి 1974లో నోబెల్ ఇచ్చారు. ఆ లెక్కలకి ఇరవయ్యేళ్ళు వెనక్కి వెళ్తే, ఇంత పొడవాటి అణువులు వుంటాయంటేనే నమ్మేవాళ్ళు లేరు. 1920లో హెర్మన్ స్టాడింగర్ ఆ మాట అన్నప్పుడు జర్మనీలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కొట్టిపారేశారు. ఆయనకి నోబెల్ దక్కేసరికి 1953 వచ్చింది.

ఫ్లోరీ-హగ్గిన్స్ లెక్కలో అణువుల మధ్య పొసగనితనానికి 'ఖై' అనే గ్రీకు అక్షరం గుర్తు. రెండూ చిన్న అణువులే అయితే ఖై విలువ 2 దాటితేనే విరుగుతాయి. ఒకటి చాలా పొడవాటి గొలుసైతే 0.5 దాటగానే విరుగుతుంది. సహనం నాలుగో వంతుకి పడిపోయిందన్నమాట. ఇంకొకటి కూడా వుంది. పదివేల పూసల గొలుసైతే, తొట్టతొలిగా విరిగే ద్రావణంలో పాలిమర్ వంతు ఘనపరిమాణంలో నూటికి ఒకటి మాత్రమే. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ద్రావణే వున్నచోట వేర్పాటు మొదలవుతుంది! స్పిరిటు గ్లాసులో మరో విశేషం చూడవచ్చు. పొడవాటి గొలుసులు ముందు విరిగి పడతాయి, పొట్టివి చివరిదాకా ద్రావణంలో నిలుస్తాయి. పాలిమర్‌ని పొడవులవారీగా వేరుచేయడానికి ప్రయోగశాలల్లో చాలాకాలం ఇదే పద్ధతి వాడారు.

ఎంగెల్స్ 1878లో డ్యూరింగ్‌కి జవాబిస్తూ నీళ్ళ ఉదాహరణతో ఆగలేదని మనలో చాలామంది మర్చిపోయారు. ఒక కార్బను, రెండు హైడ్రోజన్లు చొప్పున కలుపుకుంటూ పోతే ప్రతి మెట్టు దగ్గరా గుణం వేరైన కొత్త పదార్థం వస్తుందని కర్బన రసాయనాల వరసని ఆయన ఉదహరించాడు. ఆ వరస ఎంతదూరం పోతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఒకటి నుంచి నాలుగు కార్బన్ల దాకా వంటింటి గ్యాసు జాతి. ఐదు దగ్గర ద్రవం. ఇంకా పోతే పెట్రోలు, కిరసనాయిలు, ఆపైన కొవ్వొత్తి మైనం. వేలకి వేలు కలిస్తే మన బజారు సంచీ, పాలిథీన్. అదే కడ్డీ, పొడవు ఒకటే తేడా. ఆ అమ్మాయికి నేను చెప్పవలసిన మొదటి ఉదాహరణ ఇది.

అయితే పొడవు ఒక్కటే కాదు, నిర్మాణం అసలు విషయం. ఇప్పుడు ద్రావణి వైపు తిరుగుదాం.

థర్మోకోల్ అందరికీ తెలుసు. దాని అసలు పేరు పాలిస్టైరీన్, గాలి నింపి ఉబ్బించినది. దాన్ని టోలీన్‌లో వేస్తే క్షణాల్లో మాయం. మామూలు వాతావరణంలో ఎంత చల్లగా వున్నా విరగదు. టోలీన్ అణువులో బల్లపరుపు వలయం వుంది, పాలిస్టైరీన్ గొలుసుకి పక్కపక్కన వేలాడేవీ అలాంటి వలయాలే. పొసగుతుంది. ఇక సైక్లోహెక్సేన్ తీసుకోండి. అదీ ఆరు కార్బన్ల వలయమే, కానీ పరుపుగా వుండదు. కుర్చీలా వంగి వుంటుంది, హైడ్రోజన్లతో నిండి వుంటుంది. ఈ ద్రావణిలో పాలిస్టైరీన్ కరగడం కరగకపోవడం ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. గొలుసు ఎంతో పొడవైతే హద్దు 34.5 డిగ్రీల సెల్సియస్. ఈ హద్దుకి ఫ్లోరీ పెట్టిన పేరు 'థీటా'. అక్కడ గొలుసు తనవాళ్ళని కోరుకోవడం, ద్రావణిని కోరుకోవడం సరిగ్గా తూగుతాయి. బజారు సరుకులో గొలుసులు కొంచెం పొట్టివి గనక పాతిక డిగ్రీల దాపుల్లో విరుగుతుంది. అంటే ఒకే సీసా విజయవాడలో మే నెలలో తేటగా వుంటుంది, డిసెంబరు తెల్లవారుజామున హైదరాబాదులో మసకగా వుంటుంది.

ఆ వలయానికి ఒక్క మిథైల్ గుంపు తగిలించండి. మిథైల్ సైక్లోహెక్సేన్ అవుతుంది. థీటా 70 డిగ్రీల దాపుకి ఎగబాకుతుంది. వలయంలో ఒక కార్బను తీసేస్తే సైక్లోపెంటేన్, 20 డిగ్రీల దాపుకి దిగిపోతుంది. ఒక కార్బను అటో ఇటో.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది డెకలిన్. రెండు ఆరు కార్బన్ల వలయాలు ఒక అంచు పంచుకుని అతుక్కున్న అణువు. ఇది రెండు రకాలు: 'సిస్', 'ట్రాన్స్'. రెండింటిలోనూ పది కార్బన్లు, పద్దెనిమిది హైడ్రోజన్లు. బరువు ఒకటే, బంధాల సంఖ్య ఒకటే, ఏది దేనికి అతుక్కుందో అదీ ఒకటే. అతుకు దగ్గర రెండు హైడ్రోజన్లూ ఒకే వైపు వుంటే సిస్, చెరో వైపూ వుంటే ట్రాన్స్. సిస్ అణువు మడతపడి వుంటుంది, ట్రాన్స్ చదునుగా సాగి వుంటుంది. పాలిస్టైరీన్‌కి సిస్‌లో థీటా సుమారు 12 డిగ్రీలు, ట్రాన్స్‌లో సుమారు 20. అదే గొలుసు, అవే పరమాణువులు. ద్రావణి ఆకృతి మారింది, హద్దు మారింది. పరిమాణం గుణంగా మారుతుందని బట్టీపట్టినవాళ్ళు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఇక్కడ పరిమాణం ఏ మాత్రమూ మారలేదు. అమరిక మారింది. ఎంగెల్స్ 'ప్రకృతి గతితర్కం' రాతప్రతుల్లో ఈ అమరిక సంగతి కూడా వుంది కానీ, మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు.

ఇంతవరకూ చెప్పినదాంట్లో వేడి కలుపుతుంది, చల్లదనం విడదీస్తుంది. మన సామెతలూ, మన కవిత్వమూ ఇలాగే అనుకుంటాయి. ఫ్లోరీ-హగ్గిన్స్ తొలి లెక్క కూడా ఇలాగే అనుకుంది. 1960లో బ్రిటన్‌లో ఫ్రీమన్, రోలిన్సన్ అనే ఇద్దరు, మూతవేసిన గాజు గొట్టాల్లో పాలిమర్ ద్రావణాల్ని మరుగు బిందువు దాటించి వేడిచేశారు. మూత బిగించి వున్నందున ద్రావణి ఆవిరై పోలేదు. తేటగా వున్న ద్రావణాలు వేడికి విరిగాయి! పాలిఐసోబ్యుటిలీన్ అనే రబ్బరుజాతి పాలిమర్ పెంటేన్‌లో 75 డిగ్రీల దాపున విరుగుతుంది. హెప్టేన్‌లో అయితే 160 దాటాక. అంతకుముందు వేడికి విరిగే ద్రావణాలు తెలియవని కాదు. నికోటిన్-నీరు జంట సంగతి 1904 నుంచీ తెలుసు. కానీ అవన్నీ నీటిలోని హైడ్రోజన్ బంధాల ప్రత్యేకత అనుకున్నారు. ఇక్కడ నీరు లేదు, హైడ్రోజన్ బంధమూ లేదు. రెండూ ఉత్త హైడ్రోకార్బన్లే.

కారణం ద్రావణి నిర్మాణంలోనే దొరికింది. తొలి లెక్క అణువుల్ని చదరంగం గళ్ళలో పావుల్లా ఊహించుకుంది. గళ్ళు సాగవు, కుంచించుకోవు. నిజమైన ద్రవం సాగుతుంది. వేడెక్కేకొద్దీ పెంటేన్ లాంటి చిన్న చురుకైన అణువులు దూరం దూరం జరుగుతాయి, ఆవిరి కావడానికి సిద్ధపడుతుంటాయి. పాలిమర్ గొలుసుకి ఆవిరయ్యే యోగ్యతే లేదు. అది వేడిలోనూ ఒద్దికగానే వుంటుంది. వదులుగా వున్న ద్రావణి బిగువైన గొలుసుతో కలవాలంటే తానూ బిగుసుకోవాలి, అంటే తన స్వేచ్ఛ కొంత వదులుకోవాలి. ఒక స్థాయి తర్వాత కలయికవల్ల లాభంకంటే ఈ నష్టం ఎక్కువవుతుంది. విరుగుతుంది. అందుకే ద్రావణి పొట్టిదైతే తక్కువ వేడికే విరుగుతుంది, పొడవైతే పై హద్దు ఇంకా పైకి పోతుంది. కొమ్మలున్న అణువుల సంగతీ అంతే. ఆరు కార్బన్ల హెక్సేన్ నిటారుగా వుంటే 69 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అవే ఆరు కార్బన్లు కొమ్మలుగా ముడుచుకుని 2,2-డైమిథైల్ బ్యూటేన్ అయితే 50 దగ్గరే మరుగుతుంది. ముడుచుకున్నది తేలిగ్గా సాగుతుంది కాబట్టి అందులో పాలిమర్ కూడా ముందే విరుగుతుంది. ఈ సవరణని 1960లలో ప్రిగోజిన్ ఆలోచనల ఆధారంగా పాటర్సన్ వంటివారు లెక్కగా మలిచారు. ఫ్లోరీ తన పాత సిద్ధాంతాన్ని పట్టుకు వేలాడలేదు, తనూ కొత్తది రాశాడు. మన విమర్శకుల్లో ఎందరికి ఆ అలవాటుందో నేను చెప్పను.

కొన్ని జంటలకి రెండు హద్దులూ దగ్గరదగ్గరగా వుంటాయి. పాలిస్టైరీన్-అసిటోన్ జంట అలాంటిది. గొలుసు పొట్టిగా వుంటే చల్లదనంలోనూ విరుగుతుంది, మరీ వేడిలోనూ విరుగుతుంది, మధ్యలో కలిసి వుంటుంది. గొలుసు పొడవు పెరిగేకొద్దీ ఆ మధ్య జాగా ఇరుకై, ఇరవై వేల అణుభారం దాపున రెండు హద్దులూ కలిసిపోతాయి. ఆపైన కొన్ని పాళ్ళలో ఏ ఉష్ణోగ్రత దగ్గరా కలవనే కలవవు. థర్మోకోల్ ముక్కని అసిటోన్‌లో వేసినవాళ్ళకి ఇది అనుభవమే. అది కుంగిపోతుంది గానీ కరిగిపోదు, అడుగున జిగట ముద్ద మిగులుతుంది.

నీటి విషయం ఇంకా చిక్కు. పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్ అనే పాలిమర్ చన్నీళ్ళలో కరిగి, 32 డిగ్రీలు దాటగానే విరుగుతుంది. నీటి అణువులు గొలుసు చుట్టూ క్రమంగా అమరి దాన్ని మోస్తాయి. వేడికి ఆ అమరిక చెదిరితే గొలుసు ముడుచుకుపోతుంది. ఇదే పాలిమర్ మిథనాల్‌లోనూ చక్కగా కరుగుతుంది. పాతిక డిగ్రీల దగ్గర నీటినీ మిథనాల్‌నీ కొన్ని పాళ్ళలో కలిపి పోయండి. విరుగుతుంది! ఇద్దరు స్నేహితులు విడివిడిగా వస్తే ఆదరించిన మనిషి ఇద్దరూ కలిసి వస్తే తలుపు వేసుకున్నట్టు. నీరూ మిథనాలూ ఒకదాన్నొకటి ఎక్కువ కోరుకోవడంవల్లా, మిథనాల్ గొలుసుని పలుచోట్ల పట్టి ముడివేయడంవల్లా అన్న వాదన ఇంకా తెగలేదు. దీనికి తలకిందులుగా పర్‌స్పెక్స్ పలకల పాలిమర్ వుంది. నీటిలో కరగనే కరగదు, ఆల్కహాల్‌లో అంతంతమాత్రం. రెండూ తగు పాళ్ళలో కలిపితే కరుగుతుంది. ద్రావణి మంచిదా చెడ్డదా అని విడిగా అడగడం అర్థంలేని ప్రశ్న అని ఈ రెంటిలోనూ తేలుతుంది. ఎవరికి, ఎంత వేడిలో, పక్కన ఎవరుండగా?

ఇదంతా సీసాల్లో జరిగే ముచ్చట కాదు. జిగురు తయారుచేసే యజమానికి హెక్సేన్ చౌక. రబ్బరుని బాగా కరిగిస్తుంది, తొందరగా ఆరుతుంది, పని వేగంగా సాగుతుంది. 1960లలో జపాన్‌లో ఇళ్ళల్లో చెప్పులు అతికే కుటీర కార్మికుల కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి పడిపోసాగాయి. జిగురులోని హెక్సేన్ కారణమని తేలింది. నిటారు హెక్సేన్ ఒంట్లోకి పోయి 2,5-హెక్సేన్ డైఓన్‌గా మారి నరాల్ని తింటుంది. రెండు ఆక్సిజన్లూ గొలుసులో సరిగ్గా ఆ రెండు స్థానాల్లో పడటమే విషం. కొమ్మలున్న హెక్సేన్‌లలో ఆ అమరిక అలా కుదరదు గనక హాని అంత తీవ్రం కాదు. అంతకుముందు అదే జిగుళ్ళలో బెంజీన్ వాడేవారు. 1974లో ఇస్తాంబుల్ చెప్పుల కార్మికుల్లో రక్త కాన్సర్‌ని వైద్యులు ప్రకటించింది దాని గురించే. గొలుసు ఎక్కడ విరుగుతుందో నిర్ణయించే అణు నిర్మాణమే కార్మికుడి నరం ఎక్కడ చెడుతుందో నిర్ణయిస్తోంది. చెప్పుల కార్మికుడి గురించి కథ రాసేవాళ్ళు ఆకలి గురించి రాస్తున్నారు, వాసన గురించి రాయడంలేదు. ఆ గదిలో మొదట తగిలేది వాసనే.

ఇంకొకటి మన ఇళ్ళల్లోకే వచ్చింది. ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు, నల్లగొండ ఫ్లోరైడ్ గ్రామాల్లో తర్వాతికాలంలో వెలిసిన వడపోత ప్లాంట్లు, అన్నిటి గుండెకాయ ఒక పల్చని పొర. 1960 దాపుల్లో లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశం నుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి, ఉప్పునీటిని మంచినీరుగా వడగట్టే పనికొచ్చే పొర తయారుచేశారు. సెల్యులోజ్ ఎసిటేట్‌ని అసిటోన్‌తో, కొంత నీరూ లవణమూ కలిపి కరిగించి, గాజు పలక మీద పల్చగా పరిచి, మంచునీళ్ళలో ముంచడం. ముంచగానే ద్రావణి బయటికి, నీరు లోపలికి. ద్రావణం విరుగుతుంది. పైన దట్టమైన చర్మం, కింద గుల్ల నిర్మాణం ఏర్పడుతుంది. ఇప్పటి వడపోత పొరల్లో చర్మం పాలీఅమైడ్‌ది. దాన్ని మోసే గుల్ల పొరని మాత్రం పాలీసల్ఫోన్‌తో అదే విరుగుడు పద్ధతిలో చేస్తారు. డైమిథైల్ ఫార్మమైడ్ లాంటి ద్రావణి నీటితో చటుక్కున కలుస్తుంది, పాలిమర్ ఒక్కసారిగా విరిగి వేళ్ళలాంటి పొడుగాటి ఖాళీలు వస్తాయి. నిదానంగా కలిసే ద్రావణి అయితే విరగడం ఆలస్యమై, పొర దట్టంగా స్పంజిలా వస్తుంది. డైమిథైల్ ఫార్మమైడ్ చర్మంగుండా కూడా ఒంట్లోకి పోతుంది, కాలేయాన్ని చెడగొడుతుంది. దానికి బదులు హాని తక్కువ ద్రావణుల కోసం ప్రయోగశాలల్లో వెతుకులాట సాగుతోంది. అది తేలిక పని కాదు. ద్రావణి అణువు మారితే పాలిమర్ విరిగే చోటు మారుతుంది, విరిగే వేగం మారుతుంది, పొరలో రంధ్రాలు మారతాయి. ప్రతి కొత్త ద్రావణికీ మొదటి చుక్కనుంచీ మళ్ళీ చూసుకోవాలి.